అమ్మ ఆగిన చోట

కుట్టుమిషను గది నుంచి

తమ్ముడూ,

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోనులో అయితే నువ్వు నా మాట వినవు, నా ఊపిరి వింటావు. పోయినసారి మాట్లాడుతుంటే మధ్యలో "మెట్లెక్కి వచ్చావా అక్కా?" అని అడిగావు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. అయినా అవునన్నాను. కాగితం మీద ఆయాసం వినపడదు కదా అని ఇవాళ కలం పట్టాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పెద్ద కాగితం ముందు కూర్చోవడం ఇదే. తప్పులుంటే దిద్దుకుని చదువు.

సంగతేమిటంటే, నా గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందట. చిన్నప్పుడు వచ్చిన జ్వరం అప్పుడే దాన్ని కొరికి వదిలిపెట్టిందని, అది ఇన్నేళ్లూ నెమ్మదిగా మూసుకుంటూ వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. మార్చాలంటే గుండెను కాసేపు ఆపి, మిషను మీద పెట్టాలంది. "మా తమ్ముడు చేసే పని అదేనండీ" అన్నాను. ఆమె కళ్లజోడు తీసి, "మరి ఆయనకి చెప్పకుండా ఇంతదాకా తెచ్చుకున్నారా?" అంది. కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

మీ బావ సంగతి చెప్పాలా? జీవితమంతా బస్సు నడిపిన మనిషి. "ఇంజను ఆపేసి బండి నడిపిస్తారా? ఈ విద్య మా డిపోలో ఎవడూ నేర్పలేదే!" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి, శుభ్రంగానే ఉన్న సైకిలు కడుగుతూ ఉండిపోయాడు.

నాకు చావంటే భయం లేదు. దేవుడు పిలిస్తే వెళ్లాల్సిందే, ఆయనతో బేరమాడేదాన్ని కాదు. నా భయం వేరే. ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న ఒకావిడ, వాళ్లాయనకు ఇదే ఆపరేషన్ అయిందని చెప్పింది. మనిషి బాగానే ఉన్నాడట, తింటాడట, తిరుగుతాడట. కానీ కొన్ని పోయాయట. వాళ్ల పెళ్లి ఎక్కడ జరిగిందో గుర్తులేదట. "అడిగితే నవ్వుతాడమ్మా, చుట్టాన్ని చూసి నవ్వినట్టు" అంది.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. అమ్మకు ఫోటో లేదు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆమె మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు, ఇప్పుడు ఆయనా లేడు. అమ్మ పోయేనాటికి నీకు రెండేళ్లు కూడా నిండలేదు. నాలో తప్ప ఆమె ఇంకెక్కడా లేదు. నువ్వు అడిగినప్పుడల్లా "ఇంటికి రారా, తీరిగ్గా కూర్చుని చెబుతాను" అంటూ వచ్చాను. అలా అంటే వస్తావని ఆశ. వచ్చేవాడివి, భోంచేసి నడుం వాల్చేవాడివి, ఆసుపత్రి నుంచి ఫోను మోగితే చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయేవాడివి. నువ్వు పడుకున్న దుప్పటిని నేను వెంటనే మడతపెట్టేదాన్ని కాదు.

అందుకని ఆపరేషన్ బల్ల మీద పడుకోబోయే ముందే అమ్మను నీకు కొంచెం కొంచెంగా అప్పగిస్తాను. ఇవాళ ఒకటి. అమ్మ బట్టలు కుట్టేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, అలాగే మాట్లాడేది. నీకు మాటలు వస్తున్న రోజులవి. మనుషులంతా అలాగే మాట్లాడతారనుకుని నువ్వు పెదాలు కదపకుండా మాట్లాడేవాడివి. "వీడికి సూదులు లేకుండానే సూదులున్నాయే" అని అమ్మ నవ్వేది.

మిషను దగ్గర నువ్వు ఉంటేనే నేను ఆ బల్ల ఎక్కుతాను. ఇది ఖాయం.

అక్క

—

ఆపరేషన్ థియేటర్ పక్కన, గొట్టాలు సర్దే గది నుంచి

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా కోపం వచ్చింది. ఫోను చేస్తే అరుస్తానని, నువ్వు రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను.

నీ రిపోర్టులన్నీ బావ చేత పంపించు. ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే. మా సర్జన్‌తో మాట్లాడాను. కానీ మిషను నేను నడపను. మా దగ్గర ఒక అలవాటుంది, ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. బల్ల మీద మనవాళ్లుంటే మిషను ఇంకొకరికి అప్పగించి బయటికి నడవాలి. మిషను పక్క తెర మీద అంకె కాస్త తగ్గితే పరాయివాళ్ల విషయంలో ఎందుకు తగ్గిందని ఆలోచిస్తాం. మనవాళ్ల విషయంలో ఆలోచన కంటే ముందు చెయ్యి కదులుతుంది. ఆ తొందర నీకు మంచిది కాదు.

నీ మిషను నడపబోయే అమ్మాయిని ఇక్కడ అందరూ చీమ అంటారు. చిన్నగా ఉంటుంది, ఒక్కచోట నిలవదు, ప్రతి గొట్టాన్నీ మళ్లీ మళ్లీ తడిమి చూసుకుంటుంది. పని నేర్పింది నేనే. ఇప్పుడు నాకే తప్పులు చూపిస్తుంది.

ఆ ఆసుపత్రి ఆవిడ అబద్ధం చెప్పలేదు. కొందరిలో కొంత మరుపు వస్తుంది. ఎక్కువమందిలో కొన్నాళ్లకు తిరిగి వస్తుంది, కొద్దిమందిలో రాదు. అది రాకుండా చూడడం కోసమే మేం ఉన్నాం.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. గుండెలోకి వెళ్లే రక్తాన్ని ఒక గొట్టంతో బయటికి తీసుకుంటాం. మిషనులో దానికి ఆక్సిజన్ పట్టించి ఇంకో గొట్టంతో ఒంట్లోకి పంపుతాం. గుండెకు చల్లటి మందిచ్చి నిద్రపుచ్చుతాం. ఒంటినీ కొద్దిగా చల్లబరుస్తాం. చల్లగా ఉన్న ఒంటికి ఆకలి తక్కువ, ఉన్నదాంతో సర్దుకుంటుంది. నుదుటి మీద రెండు పట్టీలు అంటిస్తాం. అవి లోపలికి వెలుగు పంపి, మెదడుకు ఆక్సిజన్ అందుతోందో లేదో అంకెల్లో చూపిస్తాయి. అంకె దిగితే రక్తం ధార పెంచాలా, ఒత్తిడి పెంచాలా, రక్తమే పలచబడిందా అని ఒక్కొక్కటే చూసుకుంటాం. మెదడు అలా వెంటనే గోల చేస్తుంది. మూత్రపిండాలు నోరులేనివి. ఇవాళ వాటి కడుపు మాడిస్తే మర్నాడు చెబుతాయి, అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకని అవి అడక్కముందే మనం అడుగుతూ ఉండాలి. మూత్రం సంచీ చూస్తాం, మధ్య మధ్యలో రక్తం తీసి పరీక్షిస్తాం. నోరులేనివాళ్లను కనిపెట్టుకుని ఉండడమే అక్కా, నా ఉద్యోగం.

ఇంటి దగ్గర మాత్రం ఆ ఉద్యోగం సరిగ్గా చేయలేదు.

సూదుల సంగతి చదివాక అద్దం ముందు నిలబడి పెదాలు కదపకుండా మాట్లాడి చూశాను. వచ్చింది! చీమ తలుపు దగ్గర నిలబడి "మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా?" అంది. ఇంకా రాయి.

నీ బుడంకాయ

—

కిటికీ పక్క మంచం నుంచి

బుడంకాయా,

నువ్వే ఆ పేరు రాసుకున్నావు కాబట్టి మళ్లీ వాడుతున్నాను. పెద్ద ఉద్యోగస్థుడివని మానేశాను.

నోరులేనివి మర్నాడు చెబుతాయని రాశావు. నీ అక్కదీ ఆ జాతే అనుకో. ఇంత ఆలస్యంగా చెప్పినందుకు ఇంక తిట్టకు.

చీమ మీద నాకు కోపం లేదు. దేవుడు ఆ పిల్లను చల్లగా చూడాలి. కానీ నేను ఎవరి చేతుల్లో కళ్లు మూసుకుంటానో వాళ్ల చెయ్యిని చిన్నప్పుడు నేను పట్టుకుని నడిపించి ఉండాలనుకున్నాను, అంతే. నీ చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి. నా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దేదాన్ని. బడికి వెళ్లే దారంతా ఒక చెయ్యి, వచ్చే దారంతా ఇంకో చెయ్యి.

నాకొక సందేహం. గుండె ఆగి ఉన్నప్పుడు ప్రాణం ఎక్కడ ఉంటుంది? డాక్టరమ్మను అడిగితే "మంచి ప్రశ్నే" అని ఇంకో రోగిని పిలిచింది. దేవుణ్ణి అడిగాను. ఆయన నిదానంగా చెబుతాడు. ఈలోపు నువ్వు చెప్పు.

కుట్టుమిషను తొక్కడం మానేశాను. గుండీలు కుట్టడం, కాజాలు వేయడం మాత్రం మంచం మీదే కూర్చుని చేస్తున్నాను. మీ బావ వంట నేర్చుకుంటున్నాడు. ఉప్పు వేశాడో లేదో గుర్తుండక రెండోసారి వేస్తాడు. "ఆపరేషన్ నాకా, మీకా? మరుపు మీకు ముందే వచ్చిందే" అంటే, "ఖాళీగా ఉన్నావుగా, తిను" అంటాడు.

అమ్మ గురించి ఇవాళ్టిది. ఇది నాకు చాలా ఇష్టమైనది, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఎప్పుడూ పడుకుని నిద్రపోయేది కాదు. గోడకు దిండ్లు ఆనించి, వాటికి ఒరిగి కూర్చుని, నిన్ను గుండె మీద బోర్లా వేసుకుని నిద్రపోయేది. పక్క మీద పడుకోబెడితే నువ్వు ఏడుస్తావని. నేను ఆమె కాళ్ల దగ్గర పడుకుని చూసేదాన్ని. ఆమె ఊపిరితో నువ్వు పైకి లేచి కిందికి దిగేవాడివి, నీళ్ల మీద పడవలాగా. ఒక తల్లి రాత్రంతా పిల్లాడి కోసం నడుం వాల్చకుండా ఉందంటే, అంత ప్రేమ పుచ్చుకున్నవాడివి నువ్వు. ఇది దాచుకో.

అక్క

—

అదే గది నుంచి

అక్కా,

ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి చాలా రోజులు పట్టింది. పని ఎక్కువగా ఉందనుకో.

ప్రాణం సంగతి. నేను పుస్తకంలో చదివింది చెప్పడం లేదు, చూసింది చెబుతున్నాను. గుండె ఆగి ఉంటుంది. ఊపిరితిత్తులు కదలవు. ఒళ్లు చల్లగా ఉంటుంది. చూసేవాళ్లెవరైనా మనిషి పోయిందనుకుంటారు. అప్పుడు బల్ల కింద వేలాడే మూత్రం సంచీలో ఒక చుక్క పడుతుంది. ఆ మూత్రపిండం తన పని తాను చేసుకుంటోంది. ఆ చుక్కను చూసినప్పుడల్లా లోపల్లోపల "ఉన్నారా" అనుకుంటాను. ఎవరికీ చెప్పని అలవాటు. ప్రాణం ఒకచోట కూర్చుని ఉండదనుకుంటాను అక్కా. రక్తం అందినంత మేరా ఉంటుంది, కాలి బొటనవేలిలో కూడా.

అమ్మ కూర్చుని నిద్రపోయేదని రాశావు. నువ్వు ఇప్పుడు ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు?

ఇంకొక మాట. అన్నీ రాసేయకు. ఒక్కటి నీ దగ్గరే ఉంచుకో. నువ్వు లేచాక నాకు చెప్పాలి. మెదడు బాగుందో లేదో చూడడానికి మా వాళ్లు ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు అని అడుగుతారు. నేను అది అడగను. అమ్మ పాట ఒకటుందని ఎప్పుడో అన్నావు. అది రాయకు.

బుడంకాయ

—

కిటికీ పక్క మంచం నుంచి

తమ్ముడూ,

నాలుగు దిండ్లు.

నీ ప్రశ్న చదివి ముందు దిండ్లు లెక్కపెట్టాను. తర్వాత వెనక్కి ఒరిగాను. ఒరిగాక అర్థమైంది. ఈ వంపు నాకు తెలుసు. తల ఇలా ఒక పక్కకు వాలడం, చెయ్యి ఇలా పక్క పట్టుకోవడం, అంతా నేను కాళ్ల దగ్గర పడుకుని చూసిందే. అమ్మకూ ఇదే జబ్బు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. అంతే కదా?

నీ మీద కోపం వచ్చింది. నేను దాచుకున్న ప్రేమను పట్టుకుని ఆయాసం అన్నావని. నువ్వు ఆ మాట రాయలేదులే, దిండ్ల సంగతే అడిగావు. అయినా కోపం వచ్చింది. రెండు రోజులు ప్రార్థన కూడా సరిగ్గా చేయలేదు. మీ బావ "దేవుడితో మాటల్లేవా?" అని అడిగాడు.

మూడో రోజున మా అమ్మాయి వచ్చి వాళ్ల పిల్లను నా ఒడిలో కూర్చోబెట్టింది. చంటిది నా మీదికి ఎగబాకి గుండె మీద వాలింది. ఎంత బరువురా తమ్ముడూ! ఊపిరి అందక కళ్లు బైర్లు కమ్మాయి. "తీసుకోవే" అని ఇచ్చేశాను. ఇచ్చేశాక తెలిసింది. ఇదే ఆయాసంతో అమ్మ నిన్ను రాత్రంతా గుండె మీద ఉంచుకుంది. పక్కన పడుకోబెట్టవచ్చు. నాకు ఇవ్వవచ్చు, నేను అక్కడే ఉన్నాను. ఇవ్వలేదు.

కాబట్టి నేను రాసిందే నిజం. నువ్వు అడిగిందీ నిజమే. రెండూ కలిపి దాచుకో.

వస్తున్నాను. నువ్వు లోపల లేకపోయినా వస్తున్నాను. పాట రాయలేదు.

అక్క

—

థియేటర్ బయట బెంచీ మీద నుంచి

అక్కా,

నువ్వు లోపల ఉన్నావు. ఈ ఉత్తరాన్ని నువ్వు ఎప్పుడు చదువుతావో తెలియదు. చేతులకు పని కావాలి కాబట్టి రాస్తున్నాను.

ఇన్నేళ్లూ ఈ గోడకు అవతలే పని చేశాను. ఈ బెంచీ మీద ఒక్కసారీ కూర్చోలేదు. బెంచీ వెనక గోడకు వరసగా మచ్చలున్నాయి, రంగు పోయి నున్నగా అయిన మచ్చలు. తుడవరేమిటా అనుకునేవాణ్ణి, దాటి వెళ్లేటప్పుడు. ఇందాక వెనక్కి వాలితే తెలిసింది, తలలు ఆని ఆని అయిన మచ్చలవి.

బావ నా పక్కనే ఉన్నాడు. "ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందంటావు?" అంటాడు, బస్సు ఏ స్టేజీలో ఉందని అడిగినట్టు. చల్లబరుస్తూ ఉంటారు బావా, అన్నాను. "అయితే బండి ఎత్తు ఎక్కుతోందన్నమాట" అన్నాడు. ఇప్పుడు గుండె ఆపి ఉంటారు, అన్నాను. బావ చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత "దానికి సూది మందంటేనే భయం" అన్నాడు.

నాకు ప్రతి మలుపూ తెలుసు. అదే నా కష్టం. బావ ఒక్క తలుపును చూస్తున్నాడు. నేను నీ నుదుటి మీది అంకెలను, నీ రక్తం రంగును, గొట్టాల్లో వచ్చే రక్తం నల్లగా ఉందా ఎర్రగా ఉందా అన్నదాన్ని, సంచీలో చుక్కను, అన్నిటినీ చూస్తున్నాను, ఒక్కటీ కనపడకుండా. లోపలికి వెళ్లవచ్చు. ఎవరూ ఆపరు. వెళ్తే చీమ నా మొహం చూస్తుంది, అంకెలు చూడాల్సిన సమయంలో. అందుకే బెంచీని పట్టుకుని కూర్చున్నాను.

నిన్న సాయంత్రం నీ పాదాలు పట్టుకున్నప్పుడు నువ్వు "ఏమిట్రా ఇది, లే" అన్నావు. పాదాల వేడి చూస్తున్నానని చెప్పాను. మేం నిజంగానే చూస్తాం, రక్తం చివరిదాకా అందుతోందా అని. నువ్వు నమ్మినట్టు నవ్వావు.

ఇంకొకటి రాస్తాను, నువ్వు లేచాకే చదువుతావు కాబట్టి. అమ్మ గుండె మీద చెవి పెట్టి నేను నిద్రపోయానని రాశావు. చెడిపోయిన కవాటం ఒక రకంగా మోగుతుంది, గరగరమని. నేను ఈ లోకంలో మొదట విన్న చప్పుడు అదే అయి ఉంటుంది. ఎంతోమంది గుండెలు విన్నాను. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఎందుకో నిద్ర వస్తుంది. అలసట అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నిన్ను వేడి చేస్తూ ఉంటారు. ఇక్కడే తొందరపడకూడదు. సర్జన్ పని అయిపోయిందని అందరికీ ఆత్రంగా ఉంటుంది. గబగబా వేడి చేస్తే మెదడుకు దెబ్బ. చీమకు ఎన్నోసార్లు చెప్పాను. బావతో అంటే, "అదే మరి! ఎక్కేటప్పుడు ఎవడైనా జాగ్రత్తగానే నడుపుతాడు. దిగేటప్పుడే బండ్లు పడేది" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. చీమ వచ్చింది. మాస్కు తీయలేదు, బొటనవేలు మాత్రం పైకెత్తి చూపించి మళ్లీ లోపలికి పరుగెత్తింది. బావ "ఏమంది? ఏమంది?" అంటున్నాడు. నేనూ బొటనవేలే పైకెత్తి చూపిస్తున్నాను.

—

కుట్టుమిషను గది నుంచి

బుడంకాయా,

నువ్వు బెంచీ మీద రాసిన కాగితం ఇన్నాళ్లూ నా దిండు కింద ఉంది. ఇప్పుడు దిండు ఒక్కటే. జవాబు రాయకపోవడానికి కారణం నీకు తెలుసు, నువ్వు అడగలేదు, అందుకు నీకు పుణ్యం ఉంటుంది.

కళ్లు తెరిచినప్పుడు గొంతులో గొట్టం ఉంది. మాట రాదు. ఎవరివో చల్లటి చేతులు నా పాదాల మీద ఉన్నాయి. నా తమ్ముడే అనుకున్నాను. అదొక్కటీ తెలిసింది. తర్వాత కొన్ని రోజులు అన్నీ కలగాపులగం. నర్సును పట్టుకుని "అమ్మా, బడికి ఆలస్యమైంది" అన్నానట. మీ బావను బస్సు ఎప్పుడు కదులుతుందని అడిగానట. పాపం, టైము చెప్పాడట.

నువ్వు నా మంచం పక్కన కూర్చుని నా మొహంలోకి చూసేవాడివి. ఏం వెతుకుతున్నావో నాకు తెలుసు. పాట కోసం లోపలికి వెళ్తే అక్కడ ఏమీ లేదు. అమ్మ ఉంది, సూదులున్నాయి, గోడ, దిండ్లు ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి, పాట లేదు. మా అమ్మాయిని అడిగితే పాడేది, కానీ అది నాలో ఉందో లేదో తెలియాలని అడగలేదు. సెలవు అయిపోయి నువ్వు వెళ్లే రోజున "నిదానంగా అక్కా, తొందరేం లేదు" అన్నావు. వాకిట్లోకి వెళ్లాక వెనక్కి తిరిగి చూశావు. ఆ రోజు దేవుడితో మొదటిసారి బేరమాడాను. ఇంకేమైనా తీసుకో, అది ఇచ్చెయ్ అన్నాను.

నిన్న డాక్టరమ్మ కుట్టుమిషను తొక్కవచ్చంది. మధ్యాహ్నం కూర్చున్నాను. పాత లంగా అంచు ఒకటి పెట్టి తొక్కాను. కాలు ఆడుతోంది, చక్రం తిరుగుతోంది, నేను దేన్నీ తలుచుకోవడం లేదు. నోట్లోంచి అదే వచ్చింది. కాలికి గుర్తున్నట్టుంది తమ్ముడూ. బొటనవేలిలో కూడా ప్రాణం ఉంటుందని నువ్వే రాశావు కదా.

ఇదిగో, గీత పెట్టిన చోటల్లా అమ్మ ఆగేది.

సూదీ నిద్రపోయె — దారం నిద్రపోయె —
కత్తెర కూడా — నోరు మూసె —
ఇంకా మేలుకున్నది — ఈ ఇంట్లో —
నువ్వూ — నేనూ.

అన్నిటికంటే "నువ్వూ" తర్వాత పొడుగ్గా ఆగేది. చీకట్లో కాళ్ల దగ్గర పడుకుని ఆ "నేనూ" కోసం కాచుకుని ఉండేదాన్ని. అది వినపడితేనే నాకు నిద్ర పట్టేది. ఆ ఆగడం పాటలోదే అనుకున్నాను. మా అమ్మాయి చంటిదిగా ఉన్నప్పుడు మిషను తొక్కుతూ అలాగే ఆగి ఆగి పాడాను. అది వాళ్ల పిల్లకు అలాగే పాడుతోంది. అక్కడ అమ్మకు ఊపిరి అందేది కాదని, "నేనూ" అనడానికి బలం కూడదీసుకునేదని నిన్న మిషను ముందు కూర్చుంటే తెలిసింది.

ఇప్పుడు నాకు ఊపిరి చాలుతోంది. మొత్తం పాట ఒక్క ఊపిరిలో పాడేయగలను. ఒకసారి పాడి చూశాను కూడా. ఎవరి పాటో అనిపించింది. మళ్లీ మొదలుపెట్టి అమ్మ ఆగిన చోటల్లా ఆగాను. "నువ్వూ" దగ్గర ఆగినప్పుడు లోపల కొత్త కవాటం టిక్కు టిక్కుమంటూ వినపడింది. దాన్ని కాసేపు విని, అప్పుడు "నేనూ" అన్నాను.

ఇంకో చరణం ఉండేదేమో. ఉందో, పోయిందో, అసలు లేదో చెప్పలేను. చీమ తప్పు లేదు, ఆ పిల్లతో అనకు. అన్నీ తిరిగి రావాలని అడగడం ఆశ.

నీకు సెలవు దొరికితే రా. నేను అమ్మ గురించి చెప్పేదేమీ మిగల్లేదు, అన్నీ నీ దగ్గరే ఉన్నాయి. ఊరికే రా. వచ్చి నిద్రపో. ఫోను మోగితే ఈసారి నేను ఎత్తుతాను. నువ్వు లేచేదాకా పక్కన కూర్చుని కాజాలు కుట్టుకుంటాను.

ఈ కాగితాలు పారేయకు. ఎక్కడైనా చెమ్మ తగలని చోట పెట్టు. మీ బావ చూస్తే తను బెంచీ మీద ఏమన్నాడో నాకు తెలిసిపోయిందని సిగ్గుపడతాడు. మా అమ్మాయి చూస్తే ఇంక ఆ పాటను ఆగకుండా పాడుతుందో, ఏడుస్తూ పాడుతుందో. తెలియకుండా పాడుకోనీ. అందుకని ఎవరికీ చూపించకు, నువ్వు మాత్రం ఉంచుకో.

అక్క